సయోధ్య సంఘంలో స్త్రీలకు చోటేది?

మొన్న ఉగాదినాడు పంచాంగ శ్రవణం ముగిశాక, మన తెలుగు సంఘం ఎన్నికల నాటి నుంచి రెండు వర్గాలుగా చీలి ఒకరింటి శుభకార్యానికి మరొకరు వెళ్ళడం మానేసిన మన సభ్యులను కలపడానికి ఏడుగురితో సయోధ్య సంఘాన్ని ప్రకటించారు. అందులో ఒక్క స్త్రీ పేరైనా లేకపోవడం నన్ను చాలా బాధించింది. మహిళా విభాగానికి ఆ రోజు అప్పగించిన పని విందు ఏర్పాట్లు.

అమలాపురం దగ్గర మా ఊళ్ళో, నా చిన్నతనంలో, దాళ్వా పంట చివరన బోదె కాలువ నీటి వంతు దగ్గర మా ఇంటికీ పక్కింటికీ తగవు వచ్చి గట్టు మీద కర్రలు లేచాయి. రామాలయం అరుగు మీద పెద్దలు నాలుగుసార్లు కూర్చున్నా, ముందుగా ఎవరు తగ్గాలన్న మాట దగ్గరే లేచి వెళ్ళిపోయేవారు. మా అమ్మమ్మ మాత్రం కాలువ రేవులో పక్కింటి అత్తగారికి బిందె ఎత్తిపెట్టడం ఒక్కరోజూ మానలేదు. ఆ ఇంటి కోడలికి నెలలు నిండుతున్నాయని తెలిసి, తల్లి లేని ఆ పిల్లకు తానే చలిమిడి చేసి పట్టుకెళ్ళింది. ఏ రోజు ఎవరి చేలోకి నీరు వదలాలో ఆ వసారాలోనే ఆడవాళ్ళిద్దరూ తేల్చేశారు. మరునాడు అరుగు మీద రాసిన కాగితంలో ఉన్నవన్నీ మగవాళ్ళ సంతకాలే.

అమ్మమ్మ పద్ధతి అంటే నాకు ప్రాణం, అయినా దాని హద్దు చెప్పక తప్పదు: ఆ చలిమిడి గిన్నె మా వీధి దాటి దళితవాడకు ఎన్నడూ వెళ్ళలేదు. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టినప్పుడు నాకు అదే గుర్తుకు వచ్చింది. పదిమందిలో కూర్చుని మాట్లాడే అధికారం లేని స్త్రీ పలుకుబడి ఇరుగుపొరుగు దాటి సాగదు.

ఉత్తర ఐర్లాండ్‌లో 1996లో ఏళ్ళ తరబడి పోరాడుకుంటున్న రెండు వర్గాలకు చెందిన కాథలిక్, ప్రొటెస్టెంట్ స్త్రీలు కలిసి పార్టీ పెట్టి, ఎన్నికల ద్వారా శాంతి చర్చలలో రెండు స్థానాలు సంపాదించుకున్నారు. 1998 శాంతి ఒప్పందంలో బాధితుల ప్రస్తావన, ఇరు వర్గాల పిల్లలూ కలిసి చదివే బడుల ప్రస్తావన ఉండాలని పట్టుబట్టినవారు వారే. శాంతి చర్చలలో స్త్రీలకు భాగం ఉండాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2000లోనే తన 1325వ తీర్మానంలో కోరింది.

ఆ ఏడుగురు పెద్దలూ మన తెలుగు సంఘానికి ఎంతో చేసినవారు. రెండు వర్గాలకూ సమంగా చోటిచ్చామన్న మాటా నిజమే. అయితే ఇంత విరోధంలోనూ ఆదివారం తెలుగు బడిలో ఒకే గదిలో నిలబడి పిల్లలకు గుణింతాలు నేర్పుతున్నది రెండు వర్గాల స్త్రీలే కదా! వారిలో కనీసం ముగ్గురిని, విందు కోసం కాక, ఒప్పందం మీద సంతకం చేసే హక్కుతో, దసరాలోగా సయోధ్య సంఘంలో చేర్చమని కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను.