కుప్ప వేసిన పాపానికి

చెత్తను తెలుగువాళ్లం ఒక్క పేరుతో సరిపెట్టం. కోస్తాలో తుక్కు, రాయలసీమలో కసువు, హైదరాబాదులో కచరా. ఇన్ని పేర్లు తెలిసిన నేను, తమిళులు దాన్ని ఏమంటారో తెలియక చెన్నైలో నా పుస్తకాలన్నిటినీ పోగొట్టుకోబోయాను.

గోదావరి జిల్లాలో పుట్టినవాడికి కుప్ప అనగానే పనలు ఆరాక కట్టలు కట్టి, నూర్పిడి దాకా చేలో నిలబెట్టే వరికుప్ప కళ్లముందు మెదులుతుంది. కుప్ప ఎంత ఎత్తయితే ఆసామికి అంత పరువు. ఆ సంస్కారంతోనే, కొత్తగా అద్దెకు దిగిన ఇంటి గుమ్మం పక్కన, అట్టపెట్టెల్లోంచి తీసిన పుస్తకాలను లావువి కింద, సన్నవి పైన వచ్చేలా ముచ్చటగా కుప్ప వేశాను.

"ఏమండీ, ఆ కుప్ప ఇంకా అక్కడే ఉందా?" అని లోపలినుంచి మా ఆవిడ కేకవేసింది. "కుప్పంతా ఇక్కడే ఉంది, కంగారుపడకు" అని నేనూ అంతే గట్టిగా బదులిచ్చాను. సరిగ్గా అప్పుడే చెత్త తీసుకువెళ్లే బ్యాటరీ బండి వచ్చి ఆగింది. దానితో వచ్చిన పెద్దాయన మా మాటలు విని, పుస్తకాల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "సార్, ఎల్లాం కుప్పైయా?" అని మర్యాదగానే అడిగాడు. నా పనితనాన్ని గుర్తించిన మొదటి మనిషి ఈయనేనని పొంగిపోయి, వారం రోజుల్లో నేర్చుకున్న ఒకే ఒక్క తమిళ మాటను ప్రయోగించాను: "ఆమా!"

నేను మొహం కడుక్కుని వచ్చేసరికి గుమ్మం కూడా కడిగినట్టే ఉంది.

వీధి చివర బండిని పట్టుకుని, "అది చెత్త కాదయ్యా, కుప్ప, కుప్ప!" అని నేను మొత్తుకున్నకొద్దీ, "ఆమా సార్, కుప్పైదాన్" అని ఆయన నన్ను ఓదార్చసాగాడు. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడి పోట్లాడుకోవడం నేనెక్కడా చూడలేదు. చివరికి మా ఇంటి యజమాని వచ్చి, తమిళంలో కుప్పై అంటే చెత్త అని చెప్పి తగవు తీర్చారు.

బండిలోంచి మొదట బయటపడింది బ్రౌన్ దొర నిఘంటువు. 1852లో అది మొదట అచ్చయిన ఊళ్లోనే దాని పునర్ముద్రణకు ఈ గతి పట్టింది! బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తమిళ కుప్పైనీ, తెలుగు కుప్పనూ ఒకే పద్దు కింద చూపుతుంది. అసలు సంగతి పోగుపడటమే. ఊడ్చి పోగేసినదానికి వాళ్లు ఆ పేరు ఉంచుకుంటే, కోసి పోగేసినదానికి మనం ఉంచుకున్నాం. మనకూ చెత్తకుప్ప, పెంటకుప్ప లేకపోలేదు గాని, ముందర చెత్తో పెంటో చేరితే తప్ప ఒట్టి కుప్పకు కంపు అంటదు.

పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో పసివాణ్ణి చెత్తమీద పడుకోబెట్టి తీసుకుని, మృత్యువు కంటికి ఆనకుండా మనవాళ్లు పెంటయ్య అనీ, తమిళులు కుప్పుస్వామి అనీ పేరు పెట్టుకునేవారు. ఆ లెక్కన నా నిఘంటువుకు ఆయువు గట్టిదే. కాఫీ పిప్పి వాసన మాత్రం ఇంకా వదలలేదు. ఏదైనా మాటకు అర్థం కావలసినప్పుడల్లా మా ఆవిడ, "ఏమండీ, ఆ కుప్పుస్వామిని ఒకసారి ఇలా అందుకోండి" అంటుంది.