డిసెంబరు 21న పుట్టే బాలయేసు

లోకమంతా డిసెంబరు 25 కోసం ఎదురుచూస్తుంటే, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల చిన్న క్యాథలిక్ కాలేజీల్లో బాలయేసు నాలుగు రోజుల ముందే పుట్టేస్తాడు. దీన్ని సెమీ క్రిస్మస్ అంటారు. కొందరు ఛాందసులు దీన్ని తప్పుపడుతుంటారు. పాపం, వాళ్లు ఎన్నడూ హాజరు పట్టీ పట్టుకున్నవాళ్లు కారు. 23 సాయంత్రానికి ములుగు బస్సు, మహబూబాబాద్ రైలు, భూపాలపల్లి బస్సు హాస్టళ్లను ఊడ్చేసుకుని పోతాయి. 25న క్రిస్మస్, 26న రాష్ట్ర ప్రభుత్వమిచ్చే మరో సెలవు. అప్పుడు క్యాంపస్‌లో మిగిలేది వాచ్‌మన్, రెండు కుక్కలు, అర బస్తా ఉప్మా రవ్వ. రవ్వ బస్తా ముందు దేవుడు పుట్టి ఏం లాభం?

పిల్లలు దొరికిన రోజే పండుగ అన్నది మన కాలేజీల మూలసూత్రం. బతుకమ్మకూ ఇదే వరస. అసలు లెక్క ప్రకారం పెత్రమాస నాటి ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో నాటికి సద్దుల బతుకమ్మ రావాలి. కాలేజీలో మొదలూ చివరా ఒక్క మధ్యాహ్నమే, అదీ సెలవులివ్వక ముందే. తంగేడు ఇంకా మొగ్గ మీదే ఉంటుంది గనుక బంతిపూలతో సరిపెడతారు. సిస్టర్లు చక్కగా చప్పట్లు కొడుతూ తిరుగుతారు. నిజం చెప్పాలంటే కొందరు లెక్చరర్ల కంటే వాళ్ల అడుగే బాగా పడుతుంది.

ఇక చర్చి క్యాలెండరు సంగతి. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, అంటే యేసు రాక కోసం ఎదురుచూసే కాలం. పూజ చేసే ఫాదర్ల వస్త్రం ఊదా రంగు, ఆదివారం పూజలో మహిమ గీతం పాడరు, మూడు ఊదా కొవ్వొత్తుల మధ్య ఒకటి గులాబీది, అది మూడో ఆదివారం వెలుగుతుంది. ఇదంతా చాపెల్లో. యాభై అడుగుల అవతల సెమినార్ హాల్లో అప్పటికే కేకు కోస్తుంటారు. చాపెల్లో నిరీక్షణ ముఖంతో బయల్దేరిన కరస్పాండెంట్ ఫాదర్ మధ్యలో వేపచెట్టు దగ్గర ముఖం మార్చుకుని హాల్లోకి ఆనందంగా ప్రవేశించాలి. సెమినరీలో ఈ విద్య నేర్పరు, కాలేజీలో చేరాకే పట్టుబడుతుంది.

పశువుల పాక కట్టడం అసలైన పరీక్ష. అస్సీసీపుర ఫ్రాన్సిస్ అనే పునీతుడు 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో నిజమైన ఎద్దును, గాడిదను నిలబెట్టి ఈ ఆచారానికి ప్రాణం పోశాడు. ఆయనకు కమిటీ లేదు, అందుకే పని జరిగింది. మన దగ్గర వెదురు బొంగులు నాలుగు, సుతిలి తాడు, గోధుమరంగు కాగితం సిద్ధంగానే ఉంటాయి, గడ్డి దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. జిల్లా అంతా వరే అయినా, హార్వెస్టర్ కోసిన గడ్డి నలిగి ముక్కలై కప్పుకు పనికిరాదు, గాలికి జారిపోతుంది. చేత్తో కోసిన గడ్డి కావాలి, అది ఇప్పుడు బెత్లెహేములో కంటే మన దగ్గరే అరుదు. తెలిసినవాళ్లు రెండు తాటికమ్మలు వేసి ఊరుకుంటారు. కొండరాళ్ల కోసం నలిపిన కాగితానికి పూసే మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపాలి, లేకపోతే రాత్రికి రాత్రే బొద్దింకలు కొండను తినేస్తాయి.

పాక ముందు పచ్చిక కోసం గోధుమలు మొలకెత్తించాలి. దీంట్లో హాస్టల్లోని లంబాడా అమ్మాయిలను మించినవాళ్లు లేరు, తమ తీజ్ పండుగకు ఏటా చేసే పనే: ఒక రాత్రి నానబెట్టి, గంపలో పుట్టమన్ను, మేక ఎరువు కలిపి, గింజలు చల్లి, మూడు పూటలా నీళ్లు. శ్రావణంలో తొమ్మిది రోజులకు జానెడు పెరిగే మొలక, డిసెంబరు చలికి మరో రెండు మూడు రోజులు అడుగుతుంది. అంటే 9వ తేదీకి చల్లాలి. కమిటీ మొదటి సమావేశం 15న. కాబట్టి ప్రతి ఏడూ పచ్చరంగు కలిపిన రంపపు పొట్టే పచ్చిక.

మంచు మాత్రం మన దగ్గర చవక, పత్తే మంచు. 2024-25లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలు 7,521 రూపాయలు ఉండేది. ఆ లెక్కన పావు కిలో మంచు పందొమ్మిది రూపాయలు, గింజలతో సహా.

నక్షత్రానికి వెదురు బద్దలు పది. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, కొనలు కలిపి బిగించి, లోపలి ఐదు కూడళ్ల దగ్గర బెత్తెడు పుల్లలు అడ్డం పెడితే పొట్ట వస్తుంది. పుల్ల పొడుగైతే కొన చీలుతుంది. బద్దలు ముందు నానబెట్టకపోతే వంగే బదులు విరుగుతాయి. పతంగి కాగితం అంటించి లోపల ఎల్‌ఈడీ పెట్టాలి, పాత వేడి బల్బు పెడితే అది నక్షత్రంగా మొదలై తోకచుక్కగా ముగుస్తుంది.

క్రిస్మస్ నాటకంలో నిజాయితీ ఉన్నది గొల్లల వేషాలకే. ఎవరో ఒక కురుమల అమ్మాయి తాత గొంగడి తెస్తుంది, ఉన్ని వాసనతో సహా. నిజం గొర్రెపిల్లను మాత్రం తేవద్దు, అది యేసు పడుకున్న గడ్డినే ముందుగా తింటుంది. బిడ్డను చూడవచ్చే జ్ఞానులకు పౌరాణిక నాటకాల కిరీటాలు అద్దెకు తెస్తారు, ముగ్గురిలో ఒకడు తప్పకుండా దుర్యోధనుడిలా నడుస్తాడు. చర్చి క్యాలెండరు ప్రకారం వాళ్లు రావాల్సింది జనవరి 6 ప్రాంతాన. బిడ్డ పుట్టకముందే వచ్చి కూర్చోవడం చూస్తే భోజనాల వేళ కనుక్కుని వచ్చినట్టుంటుంది. ఆ తర్వాత క్విజ్. మెదక్ చర్చి ఎవరిదంటే అందరూ "మనదే సార్" అంటారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ గుడి క్యాథలిక్కులది కాదు, సీఎస్‌ఐ అనే ప్రొటెస్టెంట్ సంఘం వాళ్లది. జడ్జీలు మార్కులు వేసేస్తారు.

కేకు లెక్క తేలిక. మూడు కిలోల కేకు, నాలుగు వందల మంది. ముఖ్య అతిథి నుంచి వైస్ ప్రిన్సిపాల్ దాకా పద్నాలుగు మంది ఒకరి నోట్లో ఒకరు పెట్టుకునే ముక్కలు ఒక్కోటి యాభై గ్రాములు. మిగిలిన 2,300 గ్రాములు పంచితే తలకు ఆరు గ్రాములు కూడా రావు. ఫోటోకు కిలో కేకు ఒకటి, పంచడానికి వంటింట్లో ముందే తడి కత్తితో కోసిన ట్రేలు వేరుగా ఉంచితే గొడవ ఉండదు. కానీ గొడవ లేని కేకు ఎవరికి గుర్తుంటుంది?

ఇన్ని తిప్పలూ దేనికంటే, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ సంస్థకు చూపే ఫైలు కోసం. ఫోటో మీద అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం పడాలి. ఆనాడు రోమా చక్రవర్తి పెట్టిన జనాభా లెక్కలకు తల్లిదండ్రులు పోయిన ఊళ్లో యేసు పుట్టాడు. ఇక్కడ లెక్కల కోసమే పుడతాడు, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దరిదాపుల్లో, పగలు 11:42కు.

ఫోటోలు అయ్యాక బాలయేసు బొమ్మను గడ్డిలో వదిలితే కోతులు ఎత్తుకుపోతాయని ప్రిన్సిపాల్ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆగమన కాలంలో ఖాళీగా ఉండాల్సిన తొట్టి నిండుగా, క్రిస్మస్ నాడు నిండుగా ఉండాల్సింది ఖాళీగా ఉంటుంది. నక్షత్రం స్విచ్చి కూడా ఆ గదిలోనే. 27న తాళం తీసేదాకా అది పగలూ రాత్రీ ఖాళీ తొట్టి మీద వెలుగుతూనే ఉంటుంది.