నలభై ఏడో ఇల్లు

ఇరవై రెండేళ్లుగా ఒంగోల్లో గ్రామీణ ఆర్థికశాస్త్రం చెబుతున్నాను. అంటే పల్లెల్లో జనం ఎందుకు అప్పు చేస్తారో, ఎవరి దగ్గర చేస్తారో, ఎందుకు తీర్చలేకపోతారో ఫ్యాను కింద నిలబడి ఆ పల్లెల నుంచి వచ్చిన పిల్లలకే చెప్పడం. సొంతింటి సంగతే కాబట్టి వాళ్లు పరీక్షలో బాగానే రాస్తారు. నాకే మంచి పేరొస్తుంది.

రెండేళ్ల కిందట ఒక చిన్న ప్రాజెక్టు వచ్చింది. కొండపి దగ్గర ఒక ఊళ్లో 60 ఇళ్లు తిరిగి పొగాకు రైతుల అప్పుల లెక్క తీయాలి. పొగాకు సంగతి తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. వర్జీనియా రకం పొగాకు వేయాలంటే పొగాకు బోర్డు దగ్గర బ్యారన్, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం, నమోదై ఉండాలి, బ్యారన్‌కి ఇంత పంట అని బోర్డే లెక్క కడుతుంది, రెలుపులు, అంటే ఆకు కోతలు, అయ్యాక ఆ ఆకుని కర్రలకి అల్లి బ్యారన్‌లో ఎక్కించి రాత్రీ పగలూ మంట కనిపెట్టుకుని, గ్రేడు చేసి, బేళ్లు కట్టి వేలం కేంద్రానికి తీసుకెళితే అక్కడ ఒక్కోసారి ఎవరూ పాడరు, 'నోబిడ్' అంటారు, బేలు మళ్లీ ఇంటికొస్తుంది. పోయిన కిరాయి కాక వచ్చిన కిరాయి కూడా రైతుదే. ఇందులో అప్పు ఎక్కడెక్కడ పుడుతుందో పట్టుకోడానికి నేను 14 పేజీల ఫారం తయారుచేశాను. ఆ ఫారం చూసుకుని మురిసిపోయాను కూడా.

మొదటిరోజు పొద్దున మమ్మల్ని బోర్డోళ్లనుకున్నారు. ఎదురుగా చింతచెట్టంత బ్యారన్ నిలబడి ఉండగానే "మాకు బ్యారన్ యాడుంది సారూ" అన్నాడొకాయన. మధ్యాహ్నానికి మేము రుణమాఫీ వాళ్లమని ఎవరో పుట్టించారు. అంతే, పొద్దున అప్పే లేదన్న ఇళ్లకి కూడా సాయంత్రానికి అప్పులు పుట్టాయి. 1916లో మద్రాసులో గిల్బర్ట్ స్లేటర్ అనే ప్రొఫెసరు తన విద్యార్థుల చేతికి ప్రశ్నలిచ్చి సెలవుల్లో పల్లెలకి పంపాడని నేను ఏటా క్లాసులో చెబుతాను. ఆ ప్రశ్నలకి జనం ఎన్ని అబద్ధాలు చెప్పి ఉంటారో అని నాకు తట్టింది మాత్రం ఆ సాయంత్రమే.

నాతో వచ్చిన కుర్రాడు ఎం.ఏ. అయిపోయినవాడు. గుండ్రటి దస్తూరీ, నెమ్మదస్తుడు. వాళ్లు ఏది చెబితే అదే రాయి, నీ తెలివి కలపకు అని వాడికి నూరిపోశాను. ఆ రాత్రి లాడ్జిలో ఫారాలు తిరగేస్తే వడ్డీ గడి నిండా 2, 2, 2 అని ఉంది. ఆ గడి అడిగేది ఏడాదికి ఎంత శాతం అని. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. చూసుకోకపోతే వడ్డీ వ్యాపారి బ్యాంకుల కంటే ధర్మాత్ముడని నా పరిశోధనలో తేలి ఉండేది! అన్నీ దిద్దించాను. నా కన్నుగప్పి ఏదీ పోదని ఆ రాత్రే గట్టి నమ్మకం కుదిరింది.

మూడోరోజు నలభై ఆరో ఇల్లు. పంచలో ఒక పెద్దమ్మ ఆకు గ్రేడు చేస్తోంది. నా మొహం చూస్తూనే మాట్లాడుతోంది గానీ, చేతులు మాత్రం పసుప్పచ్చ ఆకుని ఒక పక్కకి, మచ్చ ఆకుని ఇంకో పక్కకి వాటి పాటికి అవే వేసేస్తున్నాయి. 14 పేజీలకీ ఓపిగ్గా జవాబు చెప్పింది. మంచినీళ్లిచ్చింది. మేము లేవబోతుంటే, "కూర్చో అబ్బయ్యా. నువ్వడిగినయ్యన్నీ నేను చెప్పా గదా, ఇప్పుడు నేనడిగినయ్యి నువ్వు చెప్పు" అంది.

న్యాయమే కదా అని కూర్చున్నాను.

"పొలం ఎంత?"

"లేదు పెద్దమ్మా, ఉన్న రెండెకరాలు మా నాయనే అమ్మేశాడు."

"గొడ్డూ గోదా?"

"లేవు, పాల పాకెట్టే."

"జీతమా, కూలా?"

ఏదో చమత్కారంగా ఉంటుందని, "అదీ కూలేలే పెద్దమ్మా" అన్నాను.

"పొగాకు జోలికేమన్నా పోతావా?"

"మానేశా. 2019లో దగ్గు పట్టుకుంటే డాక్టరు మాన్పించాడు."

"ఇల్లు సొంతమేనా?"

అక్కడ దొరికాను. ఫ్లాటు బ్యాంకు లోనులో ఉందని, ఇంకా 38 లక్షలు కట్టాలని, మా ఆవిడ నగలు కూడా తాకట్టులోనే ఉన్నాయని ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆమె అడిగే తీరు అలా ఉంది, ఆ నేర్పు నా 14 పేజీల్లో ఎక్కడా లేదు. వడ్డీ ఏడాదికి ఎనిమిదిన్నర అన్నాను. ఆకు వేస్తున్న చేయి ఒక్క క్షణం ఆగింది.

"అంటే నెలకి నూటికి డెబ్భై పైసలు. ముప్పై ఎనిమిది లక్షలకి వడ్డీయే ఇరవై ఆరు వేల పైన పడుద్ది. నాకుండేది రెండు లక్షలు, రెండు రూపాయలేసుకున్నా నెలకి నాలుగు వేలు. నువ్వు మా అప్పులు రాసుకోడానికి వచ్చినావా?"

ఆ లెక్క సరిచూసుకోడానికి నాకు ఫోను కావలసి వచ్చింది. సరిగ్గానే ఉంది.

సర్వే పూర్తయింది, వేరే అమ్మాయి లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించింది. 2018-19 జాతీయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93 శాతం అప్పుల్లో ఉన్నాయి, కుటుంబానికి సగటున 2 లక్షల 45 వేలు, దేశంలో అదే ఎక్కువ. మా ఊరి సగటు దాన్ని కూడా దాటేసింది. అనుమానపడాల్సిన చోట నేను సంబరపడ్డాను, ఎందుకంటే అందరికీ తెలిసిందే తేలితే ఆ పేపరు ఎవడూ అచ్చు వేయడు. ఆ సగటుని లాగుతున్నది ఎవరా అని చూస్తే నలభై ఏడో ఇల్లు. భూమి లేదు, గొడ్డు లేదు, కూలి బతుకు, పొగాకు మానేశారు, 38 లక్షల అప్పు, నగలు తాకట్టు. నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. ఇలాంటి ఇంటికి వెళ్లి వచ్చి కూడా ఆ మనిషి మొహం గుర్తులేదే అని నన్ను నేను తిట్టుకున్నాను. హైదరాబాద్‌లో సదస్సు ఉంది, దాని కోసం ఈ ఒక్క ఇంటికే ఒక స్లైడు చేశాను.

ముందురోజు రాత్రి ఇంట్లో రిహార్సల్. మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. నలభై ఏడో ఇల్లు రాగానే చేయి ఆపి, "అయ్యో, ఆ ఇల్లాలు ఎలా నెట్టుకొస్తోందో పాపం. వాళ్లాయన ఏం చేస్తున్నాడంట?" అంది. కూలి అన్నాను. "ఇంత అప్పు ఎందుకు చేశాడంట? కొంచెమన్నా బుద్ధుండొద్దూ" అంది. కాసేపాగి, "మన నగలు కూడా బ్యాంకులోనే ఉన్నాయిగా" అంది. మన సంగతి వేరు, వాళ్ల సంగతి వేరు అని గట్టిగా చెప్పాను.

సదస్సులో స్లైడు పడగానే హాలంతా నిశ్శబ్దం. నేను గొంతు తగ్గించి చదివాను. అయిపోయాక ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, "వీళ్లు పొగాకు ఎందుకు మానేశారో అడిగారా?" అన్నారు. అడగకుండా ఉంటామా! అన్ని ఫారాల ఫొటోలూ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, 47 తెరిచి మైకులో చదివేశాను. "2019లో మానేశారు. కారణం, దగ్గు. డాక్టరు మాన్పించారు."

"దగ్గొస్తే డాక్టరు సాగు మాన్పించారా?"

అప్పుడు చూశాను. పాలు అన్నచోట 'పాకెట్టు'. భూమి అన్నచోట 'నాయన అమ్మేశాడు, 2 ఎకరాలు'. గుండ్రటి దస్తూరీ. అరచేతుల్లో చెమట పట్టింది. మైకు నా నోటి ముందే ఉంది, ఏదో ఒకటి అనాలి. "అది... ఇంకా లోతుగా చూడాల్సిన విషయం సార్" అన్నాను. పెద్దాయన ఒప్పుకోవడమే కాదు, సాగు వదిలేయడంలో ఆరోగ్య కోణం ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదని, దీని మీద విడిగా ఒక పేపరు రాయమని అందరి ముందూ మెచ్చుకున్నారు. చప్పట్లు కూడా కొట్టారు.

బయటికొచ్చి కుర్రాడికి ఫోన్ చేశాను. "పెద్దమ్మ అడుగుతుంటే ప్రాక్టీసుకని రాశా సార్. మీరేగా ఏది చెబితే అదే రాయమన్నది. పేరు వద్దు నంబరే వేయమన్నారు, వేశా. కట్టలో కలిసిపోయినట్టుంది" అన్నాడు. వాడి తప్పేం లేదు. నా ఒక్క ఇల్లే 60 ఇళ్ల సగటుని అరవై వేల దాకా లేపింది.

రిపోర్టులో 47ని తీసేయాలి, తీసేస్తే కారణం రాయాలి. 'ఈ కుటుంబం గ్రామంలో నివసించడం లేదు' అని రాశాను. అబద్ధమైతే కాదు. దాని బదులు ఇంకో ఇల్లు చూద్దామని పోయిన నెల మళ్లీ ఆ ఊరెళ్లాను. బస్సు దిగి టీ తాగి ఇరవై నోటు ఇవ్వబోతుంటే, బల్ల మీద కూర్చున్న ఒకాయన టీ కొట్టతన్ని కేకేశాడు.

"ఒరేయ్, సారు కాడ తీసుకోబాక. ముప్పై ఎనిమిది లక్షలాయన."