శవం సరే, చివరి పేజీలేవి?

ఇంగ్లిష్ పల్లెటూళ్లలో ఇన్ని హత్యలు జరుగుతుంటే ఎవరూ పట్టించుకోరేమని కొందరు అమాయకులు అడుగుతుంటారు. డిటెక్టివ్ నవలలో హత్య పెద్ద నేరమేమీ కాదు. అసలు నేరం వేరే ఉంది.

2016లో వచ్చిన ఆంథొనీ హొరోవిట్జ్ నవల ‘మ్యాగ్‌పై మర్డర్స్’ చూడండి. సూసన్ రైలాండ్ అనే ఎడిటర్, ఆలన్ కాన్వే కొత్త నవల రాతప్రతి ముందేసుకుని కూర్చుంటుంది. అది 1955 నాటి కథ. బంగళా బాగోగులు చూసే ఆవిడ మెట్ల కింద చచ్చిపడి ఉంటుంది. కాళ్లకు వాక్యూమ్ క్లీనర్ వైరు చుట్టుకుందంటారు. కొద్ది రోజులకే యజమాని సర్ మాగ్నస్ తల తెగిపడుతుంది. ఆ కత్తి కోసం బజారుకెళ్లే పని కూడా లేదు, హాల్లో అలంకారానికి నిలబెట్టిన ఉక్కు కవచం దగ్గరే ఉంది. డిటెక్టివ్ అట్టికస్ పూండ్‌కు అంతా తెలిసిపోయింది, ఇక చెప్పడమే తరువాయి. అక్కడ కాగితాలు అయిపోతాయి!

ఇంతలో కాన్వే తన ఇంటి బురుజు మీంచి పడి చనిపోయాడని కబురు. అయ్యో పాపమే. ఇంతకీ ఆ పేజీలేవి? సూసన్‌కు కలిగిన ఈ సందేహాన్ని బాధ్యత గల పౌరుడిగా నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. రచయితలు పోతుంటారు, వస్తుంటారు.

పైగా ఈ కాన్వే సొంత తోబుట్టువునీ, ప్రియుణ్నీ పేర్లు మార్చి కథలోకి లాగిన ఘనుడు. ఇంట్లో రచయిత ఉన్నవాళ్లు భోజనాల దగ్గర కాస్త నోరు అదుపులో పెట్టుకోవాలని మనవి.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ ఫాదర్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టారు. రహస్య మార్గం ఒకటికి మించకూడదు, డిటెక్టివే హంతకుడు కాకూడదు, కవలలుంటే పాఠకుణ్ని ముందే సిద్ధం చేయాలి. చివరి అధ్యాయం ఉండి తీరాలని మాత్రం రాయలేదు. అంతటి దుర్మార్గుడు పుడతాడని ఆ పెద్దాయన కలలో కూడా అనుకుని ఉండరు.

కాబట్టి పదకొండో నియమం తక్షణం తేవాలి. పేజీలు దాచినవాణ్ని ఉరి తీయకూడదు. జీవితాంతం చివరి పేజీలు చింపిన డిటెక్టివ్ నవలలే చదివించాలి. బెయిలుకు దరఖాస్తు పెట్టుకుంటే, మన వారపత్రికల పద్ధతిలో దాని మీద ‘సశేషం’ అని రాసి వెనక్కి పంపాలి.