అమోనియా సరిగ్గా 11 గంటలకు లీకగును

మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. కోల్డ్ స్టోరేజీలో ఆ రోజు జరిపే మాక్ డ్రిల్‌కు వారం ముందే సర్క్యులర్ అందుతుంది: ఉదయం 11 గంటలకు అమోనియా లీకగును, అందరూ సహకరించగలరు. అమోనియా కూడా సహకరిస్తుంది. ముఖ్య అతిథి కారు దిగి, శాలువా కప్పించుకునేదాకా పైపులోనే ఓపిగ్గా కూర్చుంటుంది. తర్వాత సైరన్. ముందే ఎంపికైన హమాలీ ముగ్గుతో గీసిన గీతలో స్పృహ తప్పుతాడు. ఫొటో సరిగా రాలేదంటే లేచి దులుపుకుని ఇంకోసారి తప్పుతాడు. వీపున సిలిండరు వేసుకుని ఒక వీరుడు దిగుతాడు. అందులో గాలి ఉందా అని అడిగే మర్యాద లేని మనుషులు అక్కడ ఉండరు. అందరూ టెంటు వైపే పరుగెత్తుతారు, నీడ అక్కడే కదా. గాలి ఎటు వీస్తే ఎవరిక్కావాలి! 11.25కి సమోసా.

అసలు అమోనియాకు ఇంత క్రమశిక్షణ లేదు. కంప్రెసర్ నూనె, ద్రవ అమోనియా నిలవుండే రిసీవర్ ట్యాంకు అడుగున చేరుతుంది. చెయ్యి తీస్తే తనంతట తానే మూసుకునే స్ప్రింగ్ వాల్వు ఆ నూనె తీసేచోట ఉండాలి. మామూలు వాల్వు తెరిచిపెట్టి ఆపరేటర్ అటు తిరిగాడా, నూనె అయిపోయి వెనకాలే ద్రవ అమోనియా దూకుతుంది. గాలికంటే తేలికే, కానీ చల్లటి తుంపరగా వస్తే నేలబారునే పాకుతుంది. గాలి వీచే దారికి అడ్డంగా, పక్కకు పరుగెత్తాలి. ఆవిరి మీద నీళ్ల జల్లు పనిచేస్తుంది. మడుగు కట్టిన ద్రవం మీద కొడితే ఇంకా మరిగి లేస్తుంది.

1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు అమోనియాకు 60 టన్నుల గీత గీశాయి. అది దాటితే అత్యవసర ప్రణాళిక, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్. వరంగల్ ఏనుమాముల మార్కెట్ మిర్చిని చల్లబరిచే కోల్డ్ స్టోరేజీలో మామూలుగా అంత సరుకుండదు. గీత కింది అమోనియా మర్యాదస్తురాలన్నమాట.

ఈ నిబంధనలు ఊరికే వచ్చాయా? 1984 డిసెంబరులో విషవాయువు లీకయ్యేనాటికి భోపాల్ ట్యాంకును చల్లబరిచే యంత్రం జూన్ నుంచే బంద్. లీకైన గ్యాసును కాల్చేయాల్సిన ఫ్లేర్ టవర్ పైపు ముక్క విప్పేశారు. బస్తీకి వినబడాల్సిన సైరన్ కొద్దిసేపట్లోనే నోరు మూయించారు. వేలమంది చచ్చాకే 1986 పర్యావరణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి కొత్త అధ్యాయం. అందులో సెక్షన్ 41-హెచ్: ప్రాణం మీదికొస్తోందని తోస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికిచ్చింది. బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీకి ఆ ముక్క వాడి భాషలో ఎవడు చెప్పాడు? 2020 మే 7న విశాఖలో స్టైరీన్ విషవాయువు తెల్లవారుజామున వచ్చింది, సైరనే మోగలేదు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడు ఏ ముఖ్య అతిథి కోసం ఆగింది?

ఈసారి సర్క్యులర్ వద్దు. రాత్రి రెండింటికి కరెంటు తీసేసి సైరన్ నొక్కండి. వెనక గేటు తాళం ఎవడి జేబులో ఉందో, వాడు ఏ ఊళ్లో పడుకున్నాడో తేలుతుంది.