గిబ్బన్‌కి వంతెన సరే, మా సంగతేంటి?

అస్సాంలో జోర్హాట్ దగ్గర హోలోంగాపార్ అని ఓ అడవి. మొత్తం కలిపి 21 చదరపు కిలోమీటర్లు. అందులో హూలక్ గిబ్బన్లు ఉంటాయి, మన దేశంలో తోకలేని వానరాలంటే అవే. 1887లో ఆ అడవి మధ్యలోంచి రైలుకట్ట పోయింది. గిబ్బన్ నేలమీదికి దిగే రకం కాదు, కొమ్మా కొమ్మా పట్టుకుని ఊగుతూ పోవాల్సిందే, పట్టాల మీద కొమ్మల్లేవు కాబట్టి ఇవతలివి ఇవతలే, అవతలివి అవతలే ఉండిపోయాయి.

నెల్లూరోడికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మాకూ ఊరి మధ్యలో రైలుకట్టే. గట్టిగా గంట వాన పడితే అండర్ బ్రిడ్జి కాస్తా చెరువు. మా పిన్ని బంగారంలాంటి సంబంధం వదిలేసింది, "కట్టకవతల ఇల్లా? నవంబర్లో పిల్ల పుట్టింటికెట్టా వస్తది?" అని. గిబ్బన్లదీ అచ్చం ఇదే బాధ. ఈడొచ్చిన పిల్ల ఇల్లొదిలి జోడు వెతుక్కోవాలి, కట్ట దాటలేకపోతే ఇక తరతరాలుగా మేనరికాలే. శాస్త్రవేత్తలు దానికి వేరే పేరు పెట్టారనుకోండి.

2015లో అక్కడ పట్టాల పైన ఇనప వంతెన కట్టారు. గిబ్బన్లు చూశాయి. ఎక్కలేదు. ధర్నా లేదు, అర్జీ లేదు, ఊరికే ఎక్కలేదంతే! దాంతో పెద్ద పెద్ద నిపుణులు మళ్లీ మొదటికొచ్చి, ఇవి దేన్ని పట్టుకుంటాయి, ఎంత దూరం దూకుతాయి అని లెక్కలేసుకుని తాళ్ల వంతెనలకు ప్లాన్లు గీశారు.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. మేం ఏది కట్టినా వాడేస్తాం. ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, చెప్పులు చేతబట్టి, ఇంజన్ ఆగిన బండిని మురుగులో తోసుకుంటూ మరీ వాడతాం, వాడుతున్నాం కాబట్టి అది బాగున్నట్టే లెక్క. ఇన్నేళ్లలో మా కాలు పొడుగెంతో, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో టేపు పట్టుకుని కొలిచిన మహానుభావుడు ఒక్కడు రాలేదు.

అందుకని మమ్మల్ని కూడా గిబ్బన్ల పద్దులో రాసుకోమని నా మనవి. మా ఆవిడతో నా చెయ్యి కొలిపించి పెట్టుకున్నాను కూడా. తుపానుల్లోగా ఓ తాడు కట్టించండి చాలు. గిబ్బన్ జంటలు పొద్దున్నే కలిసి పాడతాయట, ఆ షరతు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. మా ఆవిడే ఇంకా ఒప్పుకోలేదు.