తాళం వేసుకున్న సూచనల పెట్టె గారికి

గౌరవనీయులైన పిల్లల సూచనల పెట్టె గారికి,

నమస్కారం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమేనని మీ రిజిస్టరు వారం వారం చెబుతూనే ఉంది కాబట్టి ప్రత్యేకంగా అడగడం లేదు.

నన్ను గుర్తుపట్టి ఉండరు. మూడు నెలలకోసారి నలుగురైదుగురు పెద్దమనుషులు జీపు దిగి, మీ ముందు నుంచే ఆఫీసు గదిలోకి వెళ్లి, టీ తాగి, మళ్లీ మీ ముందు నుంచే వెళ్లిపోతుంటారు చూడండి, వాళ్లలో చివర నడిచే కళ్లజోడు మనిషిని నేనే. రిటైరైన టీచర్ని. సంరక్షణ కావాల్సిన పిల్లలుండే మీ హోమ్ లాంటి వాటిని చూసి రావడానికి వేసిన జిల్లా తనిఖీ కమిటీలో పౌర సమాజ ప్రతినిధికని ఒక కుర్చీ ఉంటుంది. కలెక్టరేట్ నుంచి వచ్చినాయనకి హోదా ఉంది, డాక్టరు గారికి స్టెతస్కోపు ఉంది, నాకు చేతిసంచి ఉంది. తనిఖీకి వెళ్లే జట్టులో కనీసం ముగ్గురుండాలని, వాళ్లలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి అని చట్టం. మహిళ లెక్కా, పౌర సమాజం లెక్కా నేనొక్కదాన్నే పూర్తి చేస్తాను కాబట్టి జీపులో ఒక సీటు కలిసొస్తుంది. జీతం లేదు, ప్రమోషన్ ఆశ లేదు, ట్రాన్స్‌ఫర్ భయం లేదు. ఈ మూడూ లేకపోవడమే నా అర్హత అని అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

మొదటిసారి వచ్చినప్పుడు నాకు శాలువా కప్పారు. తనిఖీకి వచ్చిన మనిషికి సన్మానం ఏమిటని అనుమానం రావాలి. రాలేదు. శాలువా బాగుంది. పిల్లలు వరసగా నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. అప్పుడు సాయంత్రం నాలుగైంది. యూనిఫాంల మీద కొత్త బట్టల మడతలు ఇంకా పోలేదు. సూపరింటెండెంట్ గారిని పక్కనే నిలబెట్టుకుని "సంతోషంగా ఉన్నారా అమ్మా?" అని అడిగాను. ఉన్నామన్నారు, ఎక్కాలు అప్పజెప్పినట్టు. 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం ఇప్పటికీ ఫైల్లో ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు.

మీ ఘనత నాకు తెలిసింది ఆ తర్వాతే. ఇలాంటి హోమ్‌లు ఎలా నడవాలో చెప్పే 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టాన్నీ, 2016లో దాని కింద వచ్చిన నమూనా నియమాలనూ కూర్చుని చదివాను. రిటైరైన వాళ్లకి ఇలాంటి దురలవాట్లుంటాయి. ఆ నియమాల్లో మీకు దక్కిన మర్యాద చూస్తే మీరే సిగ్గుపడతారు. ప్రతి హోమ్‌లోనూ మీరు ఉండాలి. ఆఫీసుకి దూరంగా, పిల్లలు పడుకునే గదులకి దగ్గరగా, వాళ్లకి సులువుగా అందే చోట ఉండాలి. మీ తాళంచెవి మేనేజ్‌మెంట్ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలి. వారం వారం అధ్యక్షులో, వారి ప్రతినిధో వచ్చి పిల్లల కమిటీ సభ్యుల ఎదుట మిమ్మల్ని తెరవాలి.

ఇప్పుడు మీ నివాసం సంగతి. మీరున్నది ఆఫీసు గుమ్మం పక్కన, సూపరింటెండెంట్ గారి కుర్చీకి సరిగ్గా ఎదురుగా. మీ నోరు నా భుజం ఎత్తులో ఉంది. ఆరేళ్ల పిల్ల చీటీ వేయాలంటే స్టూలు కావాలి. హోమ్ మొత్తానికి ఉన్న ఒక్క స్టూలూ ఆఫీసులో ఉంది.

"స్టూలెందుకే?"

"మీ మీద ఫిర్యాదు వెయ్యాలండీ."

ఇలాంటి సంభాషణ ఇంతవరకూ జరగలేదు కాబట్టి పిల్లలకి ఏ లోటూ లేదని రిజిస్టరు తీర్మానించింది.

మీ ఒంటి మీద 'పిల్లల సూచనల పెట్టె' అన్న అక్షరాలు పెసరగింజంత ఉన్నాయి. మిమ్మల్ని బహూకరించిన దాత పేరు, వారి తండ్రిగారి జ్ఞాపకార్థం అన్న వాక్యం అరచేయంత ఉన్నాయి. గుడిలో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు చదువుతూ పెరిగిన వాళ్లం, తప్పుగా ఏమీ అనుకోను. ఫ్యానైతే తిరిగేటప్పుడైనా పేరు కనబడదు, అంతే.

దాతలంటే గుర్తొచ్చింది. పుట్టినరోజులకి కేకు పట్టుకొచ్చే పుణ్యాత్ములని మీరు నాకన్నా ఎక్కువే చూసుంటారు. పిల్లలు గంటసేపు ఆకలితో కూర్చున్నాక కేకు కోస్తారు, ఫొటో దిగుతారు, ఆ ఫొటో సాయంత్రానికి స్టేటస్‌లోకి ఎక్కుతుంది. ఇలాంటి పిల్లల పేరుగానీ ఫొటోగానీ, వాళ్లెవరో తెలిసేలా ఏ వివరమైనాగానీ ప్రచురించకూడదని అదే చట్టంలో 74వ సెక్షన్ ఉంది. 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒకాయనకి ఈ మాట చెబితే "మేం సేవ చేస్తుంటే సెక్షన్లు చెబుతారేంటండీ" అని నొచ్చుకున్నారు. మర్నాడు ఫొటో తీసేశారు. మరుసటి ఏడాది కేకూ మానేశారు.

సరే, అసలు విషయానికొస్తాను. మూడోసారి వచ్చినప్పుడు మీ రిజిస్టరు అడిగాను. ఏమాటకామాటే, ఎంత శుభ్రమైన పుస్తకమో! ప్రతి సోమవారం తేదీ, ఎదురుగా 'సూచనలు: నిల్'. కింద డిటో, డిటో, డిటో. ఏడాది పొడుగునా ఒకటే పెన్ను, ఒకటే ఇంకు, ఒకటే చేతి వాలు. దసరా సెలవుల్లో హోమ్ సగం ఖాళీ అయిన వారం కూడా మిమ్మల్ని తెరిచి చూశారట. నేను వెళ్లింది గురువారం. రాబోయే సోమవారానికి కూడా నిల్ అని రాసేసి ఉంది. ఇంత ముందుచూపు ఉన్న శాఖ మన దగ్గర ఉందని నాకు తెలియదు.

తాళంచెవి అడిగాను. అరగంట వెతికారు. పదకొండు చెవులు పెట్టి చూశారు, ఒకటి ఇరుక్కుంది కూడా. చివరికి ఆయమ్మ తల్లోంచి పిన్ను తీసి, రెండు తిప్పులు తిప్పి, మిమ్మల్ని తెరిచి చేతిలో పెట్టింది. ఆవిడ ముఖంలో గర్వం, సూపరింటెండెంట్ గారి ముఖంలో టెన్షన్.

మీ కడుపులో ఏమున్నాయో మీకు తెలుసు. రెండు బల్లి గుడ్లు, మూడు చాక్లెట్ కాగితాలు, ఒక బస్సు టికెట్టు, ఎనిమిది మడతలు పెట్టిన నోటుపుస్తకం కాగితం ఒకటి. మడతల దగ్గర పసుపుపచ్చగా మారింది. మూడో తరగతి చేతిరాత. తేదీ లేదు, పేరు లేదు. 'మా తమ్ముడిని ఎప్పుడు చూపిస్తారు'. చివర ప్రశ్నార్థకం కూడా లేదు.

అక్కడున్న అయిదుగురు పెద్దవాళ్లం ఏం చేశామో రాస్తాను, మీకూ వినోదంగా ఉంటుంది. ఒకాయన, ఇది సూచన కాదు, ఫిర్యాదూ కాదు, ప్రశ్న కాబట్టి 'నిల్' అన్న ఎంట్రీ సాంకేతికంగా సరైనదేనన్నారు. ఇంకొకాయన, ఇది ఏ ఆర్థిక సంవత్సరానిదో తేలనిదే నమోదు కష్టమన్నారు. సూపరింటెండెంట్ గారు "ఎవరు రాశారో ఇప్పుడే కనుక్కుంటాను మేడమ్" అని, పిల్లల తెలుగు నోటుపుస్తకాలన్నీ పట్టుకురమ్మని ఆయమ్మని పంపించారు. చేతిరాత పోల్చి చూడడానికి! పుస్తకాలు వచ్చాయి. గుమ్మంలో పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఏ అక్షరం ఎవరిదని ముగ్గురు పెద్దవాళ్లు వేలు పెట్టి వెతుకుతున్నారు. ఆ గుమ్మంలో ఉన్న ఏ పిల్లా ఇక జన్మలో మీ నోట్లో చీటీ వెయ్యదని నాకు ఆ క్షణంలో అర్థమైంది. పుస్తకాలు మూసి నా సంచిలో పడేసుకున్నాను. టీచరుగా ముప్పై ఏళ్లు చేసిన పని అదే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

సూపరింటెండెంట్ గారిని రాక్షసిని చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కౌన్సెలర్ పోస్టు ఖాళీ, నర్సు పోస్టు ఖాళీ, రాత్రి జ్వరం వస్తే ఆటో మాట్లాడేదీ ఆవిడే. మీ నోట్లోంచి ఒక చీటీ వస్తే ఆవిడకి మెమో. ఏడాదంతా నిల్ వస్తే ఆగస్టు పదిహేనుకి ప్రశంసాపత్రం. ఇలాంటి లెక్క పెట్టినప్పుడు మీ తాళంచెవి పోక ఏమవుతుంది?

ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను. బిహార్‌లోని ముజఫర్‌పుర్ బాలికల వసతి గృహంలో పిల్లల మీద లైంగిక దాడులు జరిగాయని 2018లో దేశమంతటికీ తెలిసింది. దాన్ని బయటికి తెచ్చింది రోజూ చూడాల్సిన వాళ్లు కాదు. ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అదే టిస్, బృందం సోషల్ ఆడిట్‌కి, అంటే హోమ్‌లు ఎలా నడుస్తున్నాయో బయటి నుంచి చూసే పరిశీలనకి, వెళ్లి పిల్లలతో మాట్లాడింది, విన్నది రాసింది. 2020లో ఢిల్లీ కోర్టు దోషులుగా తేల్చిన 19 మందిలో, ఆ పిల్లల బాగోగులు చూడాల్సిన బాలల సంక్షేమ కమిటీ అధ్యక్షుడు ఒకడు. ఆ కమిటీలకి నెలకి కనీసం రెండు తనిఖీలు చెయ్యాలని చట్టం చెబుతోంది.

అది చదివాక నా తనిఖీ పద్ధతి మారింది. "సంతోషంగా ఉన్నారా" అని ఇప్పుడు ఎవరినీ అడగను. బాత్రూం గడియ లోపలి వైపు ఉందా, పనిచేస్తుందా అని వేసి చూస్తాను. సబ్బు ఎన్నాళ్లకొకటి ఇస్తారు? రాత్రి లైటు ఎవరు ఆపుతారు? కడుపులో నొప్పొస్తే ముందు ఎవరికి చెబుతావు? ఈ చివరి ప్రశ్నకి ఒక గదిలో పిల్లలంతా వంటమనిషి పేరు చెప్పారు, ఇంకో గదిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ రెండో గదిలో చాప వేసుకుని రెండు గంటలు కూర్చున్నాను. గోడ మీద పిల్లల కమిటీల జాబితా ఉంది, 6 నుంచి 10, 11 నుంచి 15, 16 నుంచి 18 ఏళ్ల వాళ్లకి వేరు వేరుగా. చిన్న కమిటీ అధ్యక్షురాలికి జడ వేస్తూ "నువ్వు అధ్యక్షురాలివటగా" అన్నాను. "నిజంగానా?" అంది.

మూడు నెలలకి కనీసం ఒకసారి వెళ్లాలని చట్టంలో ఉంది. ఆ 'కనీసం'ని మావాళ్లు 'అంతకు మించి వద్దు' అని చదువుకున్నారు. నేను మాత్రం వీలైనప్పుడల్లా, ఫోన్ చెయ్యకుండా, చీకటి పడే వేళకి వస్తున్నాను. వాచ్‌మన్ కంగారు పడుతున్నాడు, పాపం. శాలువా ఖర్చు మిగిలింది.

ఆ కాగితం ఎవరిదో తెలుసుకోలేదు. తెలుసుకోకూడదనుకున్నాను. దానికి బదులు, తమ్ముళ్లున్న వాళ్లెవరని అందరినీ అడిగాం. పదకొండు చేతులు లేచాయి. ఆడపిల్లల హోమ్ వేరు, మగపిల్లల హోమ్ వేరు కదా, అక్కాతమ్ముళ్లని తెచ్చిన రోజే విడదీసి రెండు రిజిస్టర్లలో రాసుకున్నారు. ఏడుగురు తమ్ముళ్లు అదే ఊళ్లో, బస్సులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్నారు. ఇప్పుడు నెలకో ఆదివారం తీసుకెళుతున్నారు. మిగతా నలుగురి ఫైలు కదులుతోందట. ఫైలు కదలడం నేనెప్పుడూ కళ్లతో చూడలేదు కాబట్టి వారానికో ఫోన్ చేస్తున్నాను.

తనిఖీ నివేదిక వారంలోగా ఇవ్వాలి, నెలలోగా దాని మీద చర్య తీసుకోవాలి. ఈసారి నిజంగానే తీసుకున్నారు. మిమ్మల్ని పీకి, పిల్లల పడకగదుల వరండాలో, నా నడుం ఎత్తులో బిగించారు. చూసి ఎంత సంబరపడ్డానో! తలెత్తి చూస్తే మీ నెత్తి మీద సరిగ్గా అరగజం ఎత్తున కొత్త సీసీ కెమెరా ఉంది. ఇదేమిటండీ అన్నాను. "పెట్టె భద్రత కోసం మేడమ్" అన్నారు.

కెమెరా గురించి రెండో నివేదిక రాస్తున్నాను. అంతవరకూ కాస్త ఓపిక పట్టండి.

ఇట్లు,
చివర నడిచే కళ్లజోడు మనిషి

తా.క.: కెమెరాని వరండా గేటు వైపు తిప్పారు. నిన్న సోమవారం పిల్లల కమిటీ ముందు మిమ్మల్ని తెరిచాం, ఈసారి చెవితోనే. నాలుగు చీటీలు. ఫ్యాను తిరగట్లేదని ఒకటి, చెప్పులు బిగుతుగా ఉన్నాయని ఒకటి, పప్పులో పురుగని ఒకటి. నాలుగోది ఎనిమిది మడతలు విప్పితే ఖాళీ కాగితం. రెండు వైపులా తిప్పి చూశాం, ఏమీ లేదు. ఎవరైనా నిజంగా తెరుస్తారో లేదో చూద్దామని వేసుంటారు. "దీన్ని నిల్ అని రాయమంటారా మేడమ్?" అని అడిగారు, పెన్ను పట్టుకుని. మొత్తం నాలుగు అని రాయించాను.